డాక్టర్ కొట్టేసిన బొమ్మ

...అని రాస్తుండగా చెల్లి జమున వచ్చి పక్కన కూర్చుంది అమ్మా, అందుకే నిన్న ఉత్తరం అక్కడే ఆపేశాను. ఇక్కడ ముగ్గురం వేళకు తింటున్నాం. నాన్న ఫస్ట్ షిఫ్టుకే పోతున్నాడు. రామకృష్ణాపూర్‌లో నువ్వు చూసుకుంటున్న మా అవ్వకు తుంటి నొప్పి తగ్గి, నీకూ కాస్త నిద్ర పడుతోందనుకుంటాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెడతావు.

పచ్చడి డబ్బాతో పంపిన చీటీలో "సోమవారం ఆపరేషన్‌కు భయమైతుందా బిడ్డా?" అని అడిగావు. అవుతోంది. ఎందుకో చెప్పాలి.

కరీంనగర్ డాక్టరమ్మ గీసిన బొమ్మ గుర్తుందా? హార్మోన్‌ని అందుకోవడానికి అండాశయం కణాలు రిసెప్టర్లు తయారుచేసుకుంటాయనీ, లోపలే వాటికి చక్కెర గొలుసులు తగిలించి, కత్తిరించి సరిచేస్తాయనీ చెప్పింది. ఆ పని చెడితే రిసెప్టర్ సరిగా మడతపడదు, కణం లోపలే ఇరుక్కుపోతుంది. హార్మోన్ ఎంత వచ్చినా పైన అందుకునే దిక్కుండదు.

నువ్వేమో, "షుగర్ బీమారా మేడం? మా ఇంట్ల ఎవ్వరికి లేదు!" అన్నావు. ఆమె నవ్వింది. "అది కాదమ్మా. అయినా పుట్టుకతో ఈ లోపముంటే నెలసరి అసలు రాకపోవచ్చు. మీ అమ్మాయికి నాలుగేళ్లు వచ్చి ఆగిందిగా" అని బొమ్మ కొట్టేసింది. మత్తిచ్చి అండాశయంలోంచి ముక్క తీసి చూస్తానంది.

అమ్మా, నాకు ఒక్కసారి కూడా రాలేదు.

పదమూడేళ్లప్పుడు అవ్వ అందరి ముందూ, "నీ ఈడు పోరిలందరు పెద్దమనుషులైండ్రు, నువ్వేందే గిట్లనే ఉన్నవ్?" అంది. మరునాడు రికార్డు బుక్‌కు వాడే ఎర్ర సిరా బట్టలకు పూసుకున్నాను. రెండ్రోజుల్లో చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా నన్ను చాప మీద కూర్చోబెట్టారు. భూపాల్ మామ డ్యూటీ నాగా పెట్టి చీర తెచ్చాడు. నువ్వు ఏడుస్తూ నవ్వావు. ఇక ఎట్లా చెప్పేది?

నెలనెలా నువ్వు తెచ్చిన ప్యాకెట్లు నా దోస్తు శ్రావణ్యకిచ్చేశాను. భయం పెరిగి, ఆర్నెల్ల నుంచే రావట్లేదని నీకు సగం నిజం చెప్పాను. ఆ సగమే డాక్టర్ రాసుకుంది. జమునకు పన్నెండు నిండుతున్నాయి. పుట్టుకతో వచ్చే ఆ లోపం అక్కాచెల్లెళ్లిద్దరికీ ఉండొచ్చట. నా అబద్ధం వల్ల దానికీ ఎవరూ పరీక్ష చేయించరు.

అవ్వనేమీ అనకు. సోమవారం లోపు డాక్టరమ్మకు ఫోన్ చేసి ఈ నిజం చెప్పు. నాన్నకు నువ్వే...

తలుపు కొడుతున్నాడు. "దీపా! తలుపెందుకేసుకున్నవే? రామకృష్ణాపూర్ పోతున్న, అవ్వ బట్టల సంచి జల్ది తీస్కరా!"

సంచిలో అవ్వ చీర మడతలో దీన్ని దాస్తున్నాను. నువ్వే విప్పు.

ఇట్లు,
ఇంకా పెద్దమనిషి కాని నీ బిడ్డ,
దీప