పొట్లకాయ కూర

తిరుపతి, 15-9-1946, ఆదివారం

తాతగారి ఇల్లు చూద్దామని చిన్నాయనను, అమ్మాయి రాజ్యాన్ని తీసుకుని కార్వేటినగరం వెళ్ళి వచ్చాను. ఇప్పుడు అందులో దాయాదుల చెంగమ్మవ్వ ఉంటోంది. భోజనంలో ఆమె పొట్లకాయ కూర వడ్డించబోతే చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. మా వంశంలో అది తినకూడదు. ఎందుకో ఎవరికీ తెలియదు.

అవ్వ నవ్వింది. "ఎవురప్పా సెప్పింది? పొట్లపందిరి కింద పాము కరిసి మీ ముత్తాత పోయినాడంట. ఏడాది వండలేదు, అంతే. ఆ ఏడాదిలోనే మీ తాత ఊరిడిసి పోయినాడు. ఇంక మీకెవురు సెప్తారు?"

చిన్నాయన రెండుసార్లు వేయించుకున్నాడు. నేను వద్దన్నాను. రాజ్యం వాళ్ళమ్మ సరస్వతికి పొట్లకాయంటే ప్రాణం. కాపురానికి వచ్చిన రోజే మా అమ్మ వద్దని చెప్పింది. ఆ తర్వాత పుట్టింట్లో పెట్టినా ముట్టలేదు.

తిరిగి వస్తూ బస్సులో రాజ్యం అడిగింది. "నాయనా, అమ్మ సంవత్సరీకానికి పొట్లకాయ వండనా?"

వండమన్నాను.

"పాలు పోసా, పెసరపప్పు వేసా?"

సరస్వతికి ఏది ఇష్టమో నాకు తెలియదు. రేపు వాళ్ళన్నకు జాబు రాసి అడగాలి.