తాత గుద్దు

హోలీ రాత్రి, 1964. నేను చెప్తున్నాను, కోడలు రాస్తున్నది.

తాడుకు చెరో పక్క నిలబడి పిడికిళ్లతో గుద్దుకునే ఆట మొదలుకాక ముందే మగవాళ్లకు ఒకటే ముచ్చట. చచ్చిపోయిన నా పెనిమిటీ, మనవడు మల్లేశూ ఒకే ఈడువాళ్లయి తలపడితే గెలుపెవరిదని.

"మీ తాత ఒక్కటి గుద్దితె పంటవు బిడ్డా," అన్నాడొకడు.

మల్లేశుకు రోషమొచ్చింది. "రమ్మనుండ్రి తాతను, సూస్త!"

పోయినవాళ్లను తాడు కాడికి పిలుస్తారా ఎవరన్నా?

సాయంత్రం అందరినీ గెలిచి, చెంప వాచి ఇంటికొచ్చాడు. వాపు మీద కాముణ్ణి కాల్చిన బూడిద రుద్దుతూ చూశాను. పిడికిలి గుర్తు. నాలుగు కణుపులు దిగాల్సిన చోట మూడే దిగాయి. గానుగలో చిటికెన వేలు పోగొట్టుకున్న పిడికిలి ఈ ఊళ్లో ఆయన ఒక్కడిదే.

"ఎవడు గుద్దిండురా?"

"కనవడలే అవ్వా. గప్పుడు నా ముంగట ఎవ్వడు లేడు. మల్లొచ్చే ఏడు గూడ రమ్మని పిలుస్త, ఎవడో తేల్చుకుంట."

ఏమయ్యా, వింటున్నావా? పసివాడు, నోరు జారాడు. గెలిచింది నువ్వే, ఒప్పుకుంటున్నాను. వచ్చే ఏడు వాడి బదులు తాడు కాడ నేను నిలబడతాను. బతికినన్నాళ్లూ నా మీద చెయ్యెత్తలేదు నువ్వు. అప్పుడెత్తు, చూస్తాను.