అక్క ఎడమకాలు

జూన్ 14, ఆదివారం

అక్కకు,

నీ చెల్లెలు నమస్కారం పెట్టి రాస్తున్నది. మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ కులాసా అనుకుంటాను. పాపకి దగ్గు తగ్గిందా?

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని కంగారు పడకు. ఫోన్లో నువ్వు మాట్లాడితే నేను ఊఁ కొడతాను. ఊఁ అన్నానంటే ఒప్పుకున్నానని నువ్వనుకుంటావు. చిన్నప్పటినుంచీ మనకదే తంతు. కాగితమైతే నా మాటకి అడ్డు రాదు. అయిదో తరగతి చదువు, తప్పులుంటే నవ్వుకో, దిద్ది మాత్రం వెనక్కి పంపకు.

మన సబ్బుల కంపెనీ వచ్చే మీటింగులోపు కుట్టుమిషను పిన్నిని నా కుడికాలుగా చేర్చకపోతే నీకు స్టేజీ ఎక్కి మాట్లాడే అవకాశం పోతుందని మొన్న మరీ మరీ చెప్పావు. పిన్ని మా పక్కవాటాలో ఉంటుంది. ఈ మేడలో నేను నోరు విప్పేది ఆవిడ దగ్గరే. అడుగుతానని నీతో అన్నాను. అడగలేదు.

కాళ్ళ సంగతి నువ్వు మొదట చెప్పినప్పుడు నాకు నవ్వాగలేదు, గుర్తుందా? కంపెనీలో మన కింద చేరే ఇద్దరినీ రెండు కాళ్ళంటారని, నేను నీ ఎడమకాలినని, నాకూ రెండు కాళ్ళు మొలిస్తే ఇక పరుగేనని చెప్పావు. నాకు ఒక్క ఎడమకాలే మొలిచింది. ఆసుపత్రి నర్సమ్మ జాలిపడి చేరి, ఒక సీసా కొని ఊరుకుంది. నీకు చెప్పలేదు గానీ, ఒకరోజు నేను ఫోన్లో నా ఎడమకాలు కదలడం లేదు, కుడికాలు అసలే లేదు అని నీతో మొరపెట్టుకుంటుంటే అత్తయ్య విన్నది. ఆ సాయంత్రమే నూనె వేడిచేసి తెచ్చి, చాపు పిల్లా అంది. సిగ్గుతో నిజం చెప్పలేక చాపాను. అప్పటినుంచి పొద్దుగూకితే చాలు, నూనెగిన్నె పట్టుకొస్తోంది. ఆ కాలు ఇది కాదండీ అనడానికి నాకు నోరు పెగలడం లేదు.

పోయిన మీటింగులో నువ్వు మైకు పట్టుకుని, నన్ను లేపి నిలబెట్టి, ఇదిగో నా ఎడమకాలు, చూడండి అన్నావు. హాలంతా చప్పట్లు. చెల్లెలినని ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, చెల్లెలంటే బయటివాళ్ళెవరూ దొరకలేదనుకుంటారు, అలా చెప్పకూడదని పాఠాలు చెప్పే టై మాస్టారు నేర్పాడన్నావు. అయుండొచ్చు. కానీ ఇంటికొచ్చే బస్సులో నువ్వు పక్కనే ఉన్నా, మధ్యలో ఎవరో కూర్చున్నట్టే ఉంది నాకు.

మా ఆయన పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడుగా. నేనమ్మే ప్రతి సీసాలో నీకూ నీ పైవాళ్ళకీ వాటా పోతుందని విన్నప్పటినుంచీ, ఇంతమందిని పైకి చేరుస్తున్నాను, ఒక్కడి జీతంలోనూ నాకు వాటా రాదేమే అని వేళాకోళం. పైకెళ్ళినవాడల్లా సాయంత్రానికి నా దగ్గరికే దిగిరావాలి, ఆ సంగతి మీ మాస్టారికి చెప్పు అని ఇంకో పోటు. నేను నీ తరఫునే పోట్లాడాను. అక్క నాకు మాట నేర్పింది, నేర్పినందుకు కూలి వద్దా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అంతలో మా వీధిలో వాచీలు బాగుచేసే తాత సంగతి వచ్చింది. నేనిచ్చిన నేల తుడిచే లిక్విడు సీసా అడుగున చిట్లి, ఆయన బల్ల కింద పెట్టుకున్న గోడగడియారాలన్నీ తడిశాయి. తాత తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేనే మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గడియారమూ తుడిచి, ఆ సీసా సంచిలో వేసుకుని రెండు బస్సులు మారి కంపెనీ డిపోకి వెళ్ళాను. అక్కడామె, మీ పైవాళ్ళని అడగండి అంది. పైవాళ్ళంటే నువ్వు. నువ్వు నీ పైనున్న టై మాస్టారిని అడిగావు. ఇలాంటి చిల్లర విషయాల దగ్గర ఆగితే పైకి రాలేమన్నాడట ఆయన. ఆ సీసా మీద వాటా మాత్రం ఎవరూ అడక్కుండానే ఆయన దాకా వెళ్ళింది. వాటా మెట్లెక్కి పోతుంది, ఫిర్యాదు మెట్లు దిగొచ్చి నా గుమ్మంలో చతికిలబడుతుంది. ఇదేం లెక్క అక్కా?

నువ్వన్న మాట కూడా మర్చిపోలేదు. ఇదివరకు పనిచేసిన బట్టల కొట్లో పొద్దున్నుంచీ నిలబెట్టారు, కూర్చోడానికి పీట కూడా లేదు, ఆ యజమాని నా చెమట తినలేదా, వీళ్ళు నాకు కుర్చీ వేసి మైకిచ్చి మేడమ్ అన్నారు, అది నీ కంటికి ఆనదా అన్నావు. ఆ మాట నిజమే. కొట్లో న్యాయం లేదు కాబట్టి ఇక్కడుంది అని మాత్రం అనలేకపోతున్నాను.

నా మొద్దుబుర్రకి ఎక్కనిది ఇంకొకటుంది. కొట్టు యజమాని, బట్ట కొన్నవాణ్ణి నువ్వూ కొట్టు పెట్టు అని వెంటపడలేదు కదా. మనం సబ్బు కొన్నవాళ్ళని సబ్బుతో వదలం. వాళ్ళూ అమ్మాలి, వాళ్ళ కిందివాళ్ళూ అమ్మాలి. అందరూ అమ్మేవాళ్ళే అయితే బట్టలుతికేదెవరు?

అయినా నీ మాట తీసెయ్యలేక గురువారం పిన్ని దగ్గరికి వెళ్ళాను. నువ్వు నేర్పిన మాటలు వల్లించుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను. పిన్ని మిషను ఆపకుండానే, ఏమే, ఏం అమ్మడానికొచ్చావు అంది. ఎలా తెలిసిందని నేనడిగితే, రోజూ సరాసరి లోపలికొచ్చి నా కత్తెర మీద కూర్చోబోయేదానివి, ఇవాళ గుమ్మంలో ఆగావు, అమ్మేవాళ్ళే గుమ్మంలో ఆగుతారు అంది. ఏం లేదు పిన్నీ అన్నాను. ఏం లేకపోతే అక్కడ దిష్టిబొమ్మలా ఎందుకు, రా, ఈ చొక్కాలకి గుండీలు కుట్టు అంది. వెళ్ళి కూర్చున్నాను. కుడుతుంటే ఎందుకో కళ్ళు నిండాయి. పిన్ని చూసింది. చూడనట్టు మిషను ఇంకాస్త గట్టిగా తొక్కింది.

కాబట్టి అక్కా, పిన్నిని నేను అడగను. నీ ఎడమకాలిగా కూడా ఇక ఉండను. నీ స్టేజీ పోతుందని తెలుసు. ఆ మైకు నీకెంత ఇష్టమో కూడా తెలుసు. నీకు కోపమొస్తుంది, కొన్నాళ్ళు ఫోన్ చెయ్యవు. సరే. చేసిన రోజున మాత్రం, ఎవరైనా చేరారా అని మొదలుపెట్టకు. తిన్నావా అని అడుగు. సీసాలు మొయ్యడం ఎలాగో మోశాను. దారిలో ఎవరు ఎదురైనా, వీళ్ళు చేరతారా చేరరా అని కళ్ళతోనే తూచడం అలవాటైపోయింది చూడు, దానితో బాగా అలిసిపోయాను.

బావగారికి నమస్కారాలు. పాపకి ముద్దులు.

ఇట్లు,
నీ ఉత్త చెల్లెలు

తా.క. కవరు అంటించబోతుంటే అత్తయ్య నూనెగిన్నెతో వచ్చింది. ఇవాళ తెగించి, కంపెనీ కాళ్ళ సంగతంతా చెప్పేశాను. ఆవిడ చెయ్యి ఆపలేదు. నాకు మొదటిరోజే తెలుసులే అంది. వయసులో ఉండగా ఆవిడా ఒకామెకి కుడికాలుగా ఉండి గిన్నెలు అమ్మిందట. స్నేహితురాళ్ళు ఒక్కొక్కరే తన్ను చూసి దారి మార్చుకుని పోతుంటే మానేసిందట. మరి తెలిసీ ఇన్నాళ్ళూ నూనె ఎందుకు రాశారండీ అన్నాను. వాళ్ళ కాలు ఏదైతే నాకేంటే, ఊరంతా తిరిగొచ్చి నిద్రలో మూలిగేది ఈ రెండేగా అంది. నువ్వు స్టేజీ మీద ఎత్తుమడమల చెప్పులతో గంటలకొద్దీ నిలబడతావని చెప్పాను. అయితే మీ అక్కని కూడా రమ్మను, కంపెనీ కాళ్ళు అక్కడే వదిలేసి సొంత కాళ్ళు తెచ్చుకోమను అంది.