మార్తమ్మకు చెప్పిన మాట

మంగళవారం, రాత్రి

తిరువూరు మీటింగులో డాక్టరుగారు కొత్త పరిశోధనల సంగతి చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిన ఆడవాళ్లకు, కాన్పయ్యాక అది తగ్గినా, ఏళ్ల తర్వాత గుండెజబ్బు వచ్చే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువట. అందరూ రాసుకున్నారు. నాకు పెన్ను కదల్లేదు. ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో అలాంటివాళ్లందరికీ నేను చెప్పింది ఒకటే మాట: "కాన్పుతో పోయింది, ఇక భయం లేదు."

పెనుగొలనులో బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా పత్తిచేలోకి వెళ్లాను. అప్పట్లో నేనా మాట చెప్పినవాళ్లలో ఒకతె, మార్తమ్మ, పత్తి తీస్తోంది. గట్టు మీద కూర్చోబెట్టి, కొడుకు కడుపులో ఉన్నప్పుడు తనకు బీపీ వచ్చి కాళ్లు వాచిన సంగతి అడిగాను.

"కొడుక్కి పిల్లను చూస్తుంటే ఇప్పుడా సిస్టరమ్మా అడిగేది? మళ్లీ కాన్పు చేస్తావా ఏంటి?" అంది. పక్క సాళ్లలో వాళ్లు నవ్వారు.

బీపీ చూశాను. అంత ఎక్కువ ఉండేసరికి నమ్మలేక రెండో చేతికీ కట్టి చూశాను. రేపు పొద్దున్నే నాతో తిరువూరు ఆస్పత్రికి రమ్మన్నాను.

"పోయిందని నువ్వేగా చెప్పావు. నీ మాట మీదే ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నా. పత్తి తీత అయ్యాక చూద్దాంలే" అని లేచింది. ఆ రోజు నేను చెప్పింది తప్పన్నాను. నమ్మలేదు.

రెండు ఆదివారాలుగా చర్చిలో పాట మధ్యలోనే కూర్చుంటోంది. చలికి గొంతు పట్టేసి పాడలేకపోతోందనుకున్నాను. ఆయాసమేమోనని ఇప్పుడు తడుతోంది.

పొద్దున్నే మళ్లీ వెళ్లి అడుగుతాను. తెల్లారేలోగా ఏమీ కాదు. ఇదీ నేను చెప్పే మాటే...