మువ్వల్లేని మెడపట్టీ

కుక్కలకు సైతం నగలు పంపగల ధర్మప్రభువులు, కొంటాలో ఉండే బావగారికి,

మీరు పంపిన మువ్వల పట్టీ మన కుక్క కొత్వాలు మెడకి భలే అమరింది. వాడు పెళ్లికొడుకులా ఊరంతా తిరిగాడు. ఆ చప్పుడు చిరుతకీ నచ్చింది. ఇక్కడ అడవిలో మువ్వ మోగిందంటే దానికి ఒకటే అర్థం: మేతకొచ్చిన దూడ. నిన్న ఇప్పచెట్ల కింద, అమ్మ కళ్లముందే వాడి మెడ పట్టింది. అమ్మ గంప విసిరి అరిస్తే, తెగిన పట్టీతో చిరుత పారిపోయింది.

"అల్లుడు కుక్కను పెళ్లికి తోలిండా, అడవికి తోలిండా?" అని అమ్మ మిమ్మల్నే తలుచుకుంటోంది.

గాయం పైపైనే. చిరుత మాత్రం ఆ చుట్టుపక్కలే ఉంది. నాలుగు రోజులు ఆగమంటే, "ఇప్పపువ్వు ఆగుతదా? మనం ఏరకుంటే ఎలుగ్గొడ్లు ఏరుకుంటయ్" అంటుంది అమ్మ. బతిమాలితే, ఈ ఉత్తరం తెచ్చే జీపు రేపు కొంటా నుంచి తిరిగొచ్చేదాకా ఆగుతానంది.

కాబట్టి ఆ జీపులోనే వెడల్పాటి తోలు పట్టీ పంపండి. మేకులు బయటికి ఉండాలి. మెడ కొలతకి ఇందులో దారం పెట్టాను. రెండు వేళ్లు దూరేంత వదులుగా చేయించండి. పుండుకి పురుగు పట్టకుండా మందు కూడా పంపండి. మువ్వలూ పూసలూ దయచేసి అక్కకి కొనండి.

పట్టీ వచ్చినా రాకపోయినా ఎల్లుండి తెల్లారకముందే అమ్మ బయలుదేరుతుంది. కట్టేసినా తాడు కొరుక్కుని కొత్వాలు ఆమె వెనకే పోతాడు. వాడి వెనక కర్ర పట్టుకుని నేను. డిగ్రీ నాకుంది గానీ బావా, మా ముగ్గురిలో చిరుతని ముందుగా వాసన పట్టగలిగేది వాడొక్కడే. వాడి మెడ నిలిస్తేనే మా మెడలు.

మీ బామ్మర్ది