నాయుడుపేట నాలుగో నంబరు

1961 కార్తీకం, మంగళవారం

వాకాడు ఆస్పత్రిలో నాలుగో నంబరంటే ఎర్రటి దగ్గు మందు. దాని పేరు మాకెవరికీ తెలియదు, నంబరు చెప్పి సీసా చాపుతాం. ఇవాళ నాయుడుపేట సంతకు పోయి, అక్కడి ఆస్పత్రిలోనూ అలాగే చాపాను. కాంపౌండరు తెల్లటి మందు పోశాడు.

"మా నాలుగు ఎర్రగా ఉంటుందే?"

"వాకాటి నంబర్లు నాకెందుకన్నా? నాలుగు అడిగినావు, నాలుగు పోసినాను."

వాడి నవ్వు నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి ఈ మందు తాగొద్దంటే, మా ఆవిడ దగ్గుతూనే కసిరింది. "ఏమయ్యా, మళ్ళీ నీ ఆటలేనా? ఇట్లా తే."

పోయినసారి మందని చెప్పి చింతపండు చారు తాగించిన మొగుణ్ణి ఎవరు నమ్ముతారు?

ఆవిడ చూడకుండా ఒక మోతాదు నేనే తాగాను. ఇది దగ్గు మందో, భేది మందో నా పొట్ట తేల్చేదాకా సీసా ఆవిడ చేతికివ్వను.