బావ వేసిన దెయ్యం

ఫిబ్రవరి 2, ఆదివారం
పొద్దున రైల్లో చీరాల. మధ్యాహ్నం బండికి తిరిగి గుంటూరు. దెయ్యాల పెట్టె బావ మంచం కిందే ఉంది. పైన పాత చీర ముక్క కప్పి ఉంది. తీసి చూశాను. వేలెడంత బొమ్మలు, కొమ్ములు, కోరలు, తోలు ఊడిన ముఖాలు. ముప్పై ఆరింట్లో ఇరవై ఒకటికి రంగులు పూర్తయ్యాయి. మిగతా పదిహేనూ ప్రైమర్ కొట్టిన బూడిద రంగులోనే ఉన్నాయి. డిసెంబరులో బావకు పక్షవాతం వచ్చిన రోజు నుంచి అలాగే. కుడి చెయ్యి, ముఖంలో కుడి సగం. మాట తిరిగి వచ్చింది, కాస్త ముద్దగా.

అక్క వంటింట్లోంచి — "వాటిని బయటికి తియ్యకురా. చూస్తే ఏడుస్తారు."

బావ ఏడవలేదు. "ఆ కొమ్ములోడి మెడ కింద నీడ చాల్లేదురా," అన్నాడు.

ఫిబ్రవరి 4, మంగళవారం
ల్యాబ్‌లో రోజంతా కట్టుడు పళ్ళ పని. మూడు తొడుగులు, ఒక పూర్తి సెట్టు. ఆ సెట్టు ప్రత్తిపాడు మిరప రైతుది. రంగు చూడ్డానికి డాక్టరు గారు మనిషినే ల్యాబ్‌కి పంపారు. "తెల్లగా ఉండాలండి, తాటిముంజల్లాగ." ఈ వయసుకి కొంచెం పసుపు ఉంటేనే సహజంగా ఉంటుందని చెప్పాను. "సహజం నాకెందుకండీ, ఉన్నన్నాళ్ళూ సహజమేగా," అన్నాడు.

తెల్లవే వేస్తున్నా.

ఫిబ్రవరి 9, ఆదివారం
ల్యాబ్ నుంచి ప్లాస్టర్ దిమ్మ పట్టుకెళ్ళాను. బొమ్మను మైనంతో దానికి అంటించి, దిమ్మను బల్లకు బిగించాను. ఇక బొమ్మ పట్టుకోవడానికి చెయ్యి అక్కర్లేదు. కుంచె పట్టుకోవడానికి ఒకటి చాలు.

బావ ఎడమ చేత్తో కుంచె పట్టుకున్నాడు. కొత్తిమీర కట్ట పట్టుకున్నట్టు. ఇరవై ఏళ్ళు చీరల అంచులకి గళ్ళకాగితం మీద డిజైన్ వేసిన మనిషి. ఒక్క గడి తప్పేవాడు కాదు. ఇవాళ కొమ్ముకి వెయ్యాల్సిన రంగు చెవికి పూసి, తుడిచి, మళ్ళీ పూసి...

అక్క గుమ్మంలో నిలబడి చూసింది. "ఆ బంతి నొక్కండి, కుడి చెయ్యి వస్తుందని డాక్టరు మొత్తుకుంటుంటే నొక్కరు. ఇది మాత్రం గంట కూర్చుంటారు."

"బంతికి కోరలుంటే నొక్కేవాణ్ణి," అన్నాడు బావ.

ఫిబ్రవరి 16, ఆదివారం
మార్చి నెలాఖరులోపు తాడేపల్లిలో ఆట, బల్ల మీద ఈ బొమ్మల దండులతో ఆడే యుద్ధం. ఏటా ఆడేవాళ్ళే, ఓ అపార్ట్‌మెంటు హాల్లో బల్లలు వేసి. రంగు వెయ్యని బొమ్మ బల్ల మీద పెట్టకూడదని నియమం. ఈసారి మానేద్దామా అని నేను అన్నాను. బావ నా వంక చూసి పెట్టెలోంచి ఆరు బొమ్మలు ఎడమ చేత్తో తన వైపు జరుపుకున్నాడు. "తొమ్మిది నువ్వు పట్టుకుపో. ఇవి నావి."

ఫిబ్రవరి 20
మిర్చి యార్డుకి కొత్త పంట దిగుతోంది. ల్యాబ్ కిటికీలు మూసినా తుమ్ములే. బొమ్మకి వేసిన తడి రంగు మీద ఎర్ర ధూళి పడింది. తుడవబోయి ఆగాను. ఎండిన నెత్తురు సరిగ్గా ఇలాగే ఉంటుంది. అలాగే వదిలేశా.

మార్చి 2, ఆదివారం
నావి తొమ్మిదీ అయ్యాయి. బావవి ఆరూ అయ్యాయి! వార్నిష్ కొట్టడానికి అన్నీ గుంటూరు తెచ్చాను. చీరాల సముద్రపు గాలికి వార్నిష్ తెల్లబారుతుంది.

మార్చి 4, మంగళవారం
భోజనాల వేళ ల్యాబ్‌లో భూతద్దం కింద బావ బొమ్మలు చూశాను. అయిదు మొరటుగా ఉన్నాయి కాని పర్వాలేదు. ఆరోది నాయకుడు, అన్నిట్లోకి పెద్ద దెయ్యం. కుడి కన్ను కిందికి జారింది. నోటి మూల నుంచి ఎరుపు గడ్డం దాకా కారింది. నా తొమ్మిదింటి పక్కన పెడితే మరీ తెలిసిపోతోంది. తాడేపల్లి వాళ్ళు ఏమీ అనరు. జాలిపడతారు. అదే బాధ.

ముఖం మటుకు థిన్నర్‌తో తుడిచి మళ్ళీ వేశాను. రెండు కళ్ళూ సమానంగా. పళ్ళకి మన ల్యాబ్ పళ్ళ రంగుల పట్టీలో అన్నిటికంటే ముదురుది. బాగా వచ్చింది.

మార్చి 9, ఆదివారం
ఇచ్చేశాను.

బావ అయిదూ చూశాడు. ఆరోది చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పాడు. చాలాసేపు.

"దీని ముఖం ఎవరు వేశారు?"

"కొంచెం సర్దాను బావా. కన్ను జారింది కదా..."

"జారలేదురా. జార్చాను."

నాకు అర్థం కాలేదు. అక్కకి వెంటనే అర్థమైంది. గోడకున్న అద్దం వంక చూసింది, తర్వాత బావ ముఖం వంక.

"అద్దం ముందు పెట్టుకుని వేశాను. నాలుగు రోజులు. ఒక్క కన్నుకే రెండు రోజులు పట్టింది." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

మధ్యాహ్నం అన్నం తినకుండా వచ్చేశా.

మార్చి 10
ఫోటో తీసుకున్నానా అని ఫోనంతా వెతికాను. లేదు. అక్క ఫోన్లోనూ లేదట. తుడిచిన దూదిని చెత్తబుట్టలో చూశా. దూది మీద ఎర్రటి మరక.

మార్చి 12
గుర్తున్నంత వరకు మళ్ళీ వేద్దామని పాత బొమ్మ ఒకటి పెట్టుకుని ప్రయత్నించాను. కుడి చేత్తో వేస్తే బొమ్మల పుస్తకంలో దెయ్యంలా ఉంది. ఎడమ చేత్తో వేస్తే పూత మాత్రమే ఉంది, ముఖం లేదు.

ఆ రోజు అసలు అడిగి ఉంటే... ఫోన్ చేసి, 'బావా, ఇది ఇలాగే ఉండాలా?' అని. అరనిమిషం పని. అడగలేదెందుకో నాకు తెలుసు. తప్పు జరిగిందనే అనుకున్నాను కాని, ఆ చెయ్యి కావాలని ఏదైనా చేయగలదని అనుకోలేదు.

మార్చి 16, ఆదివారం
బావ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నిద్ర కాదు.

అక్క కాఫీ ఇస్తూ — "నువ్వు మంచికే చేశావులేరా."

"కాదక్కా. పది మందిలో నామోషీ అని చేశాను."

గట్టిగానే అన్నాను, బావకి వినపడేట్టు. తర్వాత మంచం దగ్గరికెళ్ళి సారీ చెప్పాను.

"సారీ ఎందుకు? చక్కగా వేశావు. నీ దగ్గరే పెట్టుకో దాన్ని."

"మళ్ళీ వెయ్యొచ్చు కదా బావా? వారం ఉంది."

లేచి కూర్చున్నాడు. ముఖం నా వైపు తిప్పాడు. కన్ను దాదాపు మామూలైంది. నోటి మూల కూడా పైకి వచ్చింది. నెలన్నర కిందటి ముఖం కాదు.

"ఏం చూసి వెయ్యమంటావ్? ఆ ముఖం ఇప్పుడు నాకే లేదు."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నయమైనందుకో, దేనికో.

మార్చి 23, ఆదివారం
తాడేపల్లి. రాడనుకున్నా. అక్క చెయ్యి పట్టుకుని ఆటో దిగాడు, ఇస్త్రీ చొక్కాతో.

ముప్పై అయిదు బొమ్మలు పేర్చాడు, ఎడమ చేత్తో, ఒక్కొక్కటీ. నేను సాయం చెయ్యబోతే ఆగమని వేలెత్తాడు. మాకు ఎదురు ఆడేది ఒక బ్యాంకు ఉద్యోగిని. లెక్క చూసుకుని "ఒకటి తగ్గిందండీ," అంది.

"నాయకుడు రాలేదమ్మా. లేకుండానే ఆడతాం."

ఆవిడ బావ ఎడమ చేత్తో వేసిన అయిదింట్లో ఒకదాన్ని తీసి చూసింది. "వీటికి రంగు వేసిన చెయ్యి వేరేలా ఉందేంటండీ? మీరు కాదా వేసింది?"

"నేనేనమ్మా. చెయ్యి వేరు."

"ఇవే భయంగా ఉన్నాయండి," అంది. నా తొమ్మిదింటి గురించి ఏమీ అనలేదు.

ఓడిపోయాం. నాయకుడు లేని దండు ఎంతసేపు నిలుస్తుంది? చివరి పాచిక వేస్తూ బావ పెద్దగా నవ్వాడు. డిసెంబరు తర్వాత ఆ నవ్వు వినడం ఇదే మొదలు. నాతో మాత్రం అవసరమైన మాటలే. 'ఆ కొలత టేపు ఇవ్వు.' 'ఆటో పిలువు.'

మార్చి 26
నాయకుడు ల్యాబ్‌లో, నా బల్ల మీద. రెండు కళ్ళూ సమానంగా. ప్రత్తిపాడు రైతు సెట్టు తీసుకోవడానికి వచ్చి దాన్ని చూసి, "పళ్ళు అచ్చం నా పాతవేనండీ," అన్నాడు. నవ్వాలనిపించలేదు.

ఏప్రిల్ 5, శనివారం
కిందటి ఆదివారం చీరాల వెళ్ళలేదు. రమ్మనలేదు కనుక.

ఇవాళ పదింటికి అక్క ఫోన్. ఇంటి సంగతులు, కుడి చూపుడు వేలు కదులుతోందని, బంతి ఇప్పుడు అడక్కుండానే నొక్కుతున్నారని. పెట్టేసే ముందు — "ఒరేయ్, నీ ఫోటో ఒకటి పంపించు."

"ఎందుకు?"

"మీ బావ అడిగారు. దగ్గర్నుంచి తియ్యాలంట, ముఖం బాగా కనపడేట్టు. కొత్త దెయ్యం ఒకటి మొదలుపెట్టారు. ఇంకేం అడక్కు, నాకు చెప్పరు."

"కోపంగా అన్నాడా, మామూలుగానా?"

"మామూలుగానే. తల ఎత్తకుండా."

కిటికీ దగ్గర నిలబడి నాలుగు తీశాను. ఒకదాంట్లో నవ్వుతున్నా. అది చెరిపేశా. మిగతా మూడింట్లో ఏది పంపాలో తెలియడం లేదు. ముఖం సర్దుకున్నట్టు కనపడకూడదు. మూడూ చూస్తున్నా... ఇంకా పంపలేదు.